మా అవ్వ ఎలక్షన్‌లో తెల్ల వైను

మమ్మల్ని కన్న మా అవ్వ ఉప్పలమ్మ సర్పంచికి నిలబడిన డిసెంబరులోనే మా తమ్ముడు శ్యాం గోవా నుంచి ఉద్యోగ పరీక్షకు ఇంటికొచ్చాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే వారంలో. ఒకరు ఊళ్లో మందు బంద్ చేయించాలని గడప గడపా తిరుగుతుంటే, ఇంకొకరికి ఒక సీసా తెల్ల వైను కావలసి వచ్చింది. ఇప్పుడు చెబుతుంటే నాకే నవ్వొస్తుంది గానీ, ఆ మూడు రోజులు మా ఇంట్లో అన్నం సహించిన మనిషి లేదు, అవ్వ తప్ప. అవ్వకు ఎప్పుడైనా అన్నం సహిస్తుంది.

మాది తరిగొప్పుల మండలంలో ఒక చిన్న ఊరు. నేను మానుకోటలో ఉంటాను, బట్టలు కుడతాను. అవ్వ నామినేషన్ వేసిందని తెలియగానే చేతిలో ఉన్న పెళ్లి జాకెట్లు ముగించి, మిషను మీద గుడ్డ కప్పి వచ్చేశాను. పొద్దున్నే కరపత్రాలు పట్టుకుని అవ్వ వెనక బయలుదేరితే, మధ్యాహ్నానికి నా గొంతు పోయేది. అవ్వ గొంతు మాత్రం ఇంకా పెరిగేది.

మా ఊరి బస్టాపు పక్కన ఒక కొట్టు ఉంది. పేరుకు కిరాణం. ముందర చిప్సు ప్యాకెట్లు వేలాడుతుంటాయి, వెనక గదిలో సీసాలుంటాయి. జనగామలో లైసెన్సు దుకాణం నుంచి తెచ్చి ఊళ్లో దొంగచాటుగా అమ్మే ఇలాంటి కొట్టునే మా దగ్గర బెల్టుషాపు అంటారు. దొంగచాటు అన్న మాటే గానీ అందరికీ తెలుసు. పాలవాడి కంటే ముందు తెరుస్తారు. దాని యజమాని బిక్షపతి. మొన్న వానాకాలంలో దిలీప్ అనే పిల్లగాడు అక్కడ తాగి, బండి మీద పోతూ కల్వర్టు కింద పడి చనిపోయాడు. దిలీప్ తల్లి ఆ మర్నాడే మా ఇంటికొచ్చి అవ్వ పక్కన కూచుంది. ఏమీ అడగలేదు, ఊరికే కూచుంది. అవ్వ సర్పంచికి నిలబడాలన్న ఆలోచన అక్కడ పుట్టిందని నా నమ్మకం.

ఈసారి మా ఊరు ఆడవాళ్లకు రిజర్వయింది. దాంతో బిక్షపతి తన భార్య సుమలతను నిలబెట్టాడు. నామినేషన్ ఆమె పేరు మీద, పోస్టర్ల మీద ఫొటో ఆమెది, మాటలన్నీ అతనివి. ప్రచారంలో ఆమె చేతులు జోడించుకుని భర్త పక్కన నిలబడేది. ఆమె గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు.

ఇక మా నాన్న సంగతి చెప్పాలి. మా బాపు జయపాల్ చాలా ఏళ్లు ఆ కొట్టు గిరాకీయే. చివరికి కాలేయం చెడిపోయి, కడుపు ఉబ్బి, వరంగల్ దవాఖానలో నెల రోజులు పడుకుని, సగం మనిషై తిరిగొచ్చాడు. అప్పటి నుంచి చుక్క ముట్టలేదు. బాపు మానేశాడని మేమంటాం. బాపు మాత్రం అలా అనడు. "ఇంక మానుకుంటనే ఉన్న బిడ్డా," అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా అవ్వ ఏదో ఒక పని కల్పించుకుని లోపలికి పోతుంది.

శ్యాం గోవాలో ఒక పెద్ద హోటల్లో వంట చేస్తాడు. చేపలు, రొయ్యలు వాడి చేతిలో పడితే మాట వింటాయి. భూపాలపల్లి అవతల, కాళేశ్వరం పోయే తోవలో చెరువు ఒడ్డున యుగేందర్, గీత అని భార్యాభర్తలు కొత్తగా హోటల్ కడుతున్నారు. వాళ్లకు వంట మాస్టర్ కావాలి. హైదరాబాదు నుంచి భూపాలపల్లికి పోతూ మధ్యలో మా ఊరికొచ్చి, మా ఇంట్లోనే వాడి వంట తిని చూస్తామన్నారు. ఆ ఉద్యోగం దొరికితే శ్యాం ఆదివారం ఆదివారం ఇంటికొచ్చేంత దూరంలో ఉంటాడు. వాడు గోవా పోయింది బాపు తాగుడు చూడలేక. తిరిగి రావాలనుకున్నది కూడా బాపు కోసమే. ఈ రెండోది వాడు ఎప్పుడూ నోటితో చెప్పలేదు.

హైదరాబాదులో దిగి, రొయ్యలూ, స్క్విడ్ అనే ఎముక లేని తెల్లటి సముద్రపు జీవినీ కొని, థర్మోకోల్ పెట్టెలో ఐసు మధ్య పెట్టుకుని వచ్చాడు. సంచిలో పొడుగాటి పాస్తా ప్యాకెట్లు. అవ్వ ఒక ప్యాకెట్ తిప్పి చూసి, "సేమియానే కదర, జర లావుగున్నది," అంది.

వాడొచ్చిన రోజే గీత మేడం ఫోను చేసింది. వాడు స్పీకర్లో పెట్టాడు.

"శ్యాం, రొయ్యల పాస్తా అన్నవు కదా, మంచిదే. దాంతోని ఏం తాగితే బాగుంటదో గది గూడ నువ్వే పెట్టాలె. మా దగ్గరికొచ్చేటోళ్లు అడుగుతరు. వైట్ వైన్ల తేలికది ఏదన్న చూడు. నీకే ఇడిచిపెడుతున్న."

"సరే మేడం," అన్నాడు శ్యాం. ఫోను పెట్టేసి నా మొహం చూశాడు. అప్పుడే అవ్వ ప్రచారం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, పళ్లెం ముందేసుకుని కూచుంది. వాడు దాచలేదు. ఎదురుగా కూచుని చెప్పేశాడు.

అవ్వ ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలింది. "ఎన్ని సీసలు?"

"ఒక్కటే."

"ఎవలు తాగుతరు?"

"వచ్చేటోళ్లు. వంటల గూడ జర పోస్త."

"మజ్జిగ పెట్టరాదుర? మంచి చిక్కటి మజ్జిగ."

"రొయ్యలకు మజ్జిగనా అవ్వా!"

నాకు నవ్వాగలేదు. అవ్వ కూడా నవ్వబోయి ఆపుకుంది. చెయ్యి కడుక్కుని లేస్తూ అంది: "నీ పని నీది. నేను అడ్డం రాను. కని దొంగతనంగ తేకు. సంచిల దాపెట్టి, కొంగు కప్పి తెస్తే నా మొహం మీద కొట్టినట్టే. సక్కగ దుకాణంల కొను, సక్కగ పట్టుకొని రా. మీ బాపుకు మాత్రం నువ్వే చెప్పు."

చెప్పాల్సిన పని లేకపోయింది. బాపు వాకిట్లో బర్రెకు గడ్డి వేస్తున్నాడు. అన్నీ విన్నాడు.

మర్నాడు శ్యాం, నేను బండి మీద జనగామ పోయాం. ఇప్పుడు నేనొక సంగతి చెబుతాను. మన దగ్గర మందు దుకాణం మీద ఇంత లావు అక్షరాలతో వైన్స్ అని రాసుంటుంది. లోపల మాత్రం వైను ఉండదు. ఆ రోజు దాకా నాకా సంగతి తెలియదు.

జాలీ వెనక కూచున్న వాల్యా అనే మనిషి శ్యాంను చూసి, "ఏం కావాలె అన్న?" అన్నాడు.

"వైన్."

"వైన్సే అన్న గిది. ఏ బ్రాండు?"

"కాదన్న. వైన్. ద్రాక్షతోని చేస్తరు కదా. తెల్లది."

వాల్యా వెనక్కి తిరిగి అరలు చూశాడు. "తెల్లది అంటే వోడ్కా ఉన్నది. జిన్ను ఉన్నది."

"వైన్ అన్నా, వైన్."

"ఒక్కటి ఎర్రది ఉండె. పోయిన క్రిస్మస్‌కు తెచ్చిన. ఎవలు కొనలే. గది జల్ది తెల్లగైతే నీకే ఇస్త," అని పకపకా నవ్వాడు. వెనక వరసలో నిలబడ్డ వాళ్లు కూడా నవ్వారు. నన్ను చూసి వాళ్లలో ఒకడు నవ్వు ఆపేశాడు. సర్పంచికి నిలబడ్డ ఉప్పలమ్మ బిడ్డ వైన్స్ ముందర నిలబడిందని వాడికి గుర్తుకొచ్చినట్టుంది. నేను కొంగు సర్దుకుని ఇంకా గట్టిగా నిలబడ్డాను.

రెండో దుకాణం, మూడో దుకాణం. ఎక్కడా లేదు. చివరికి హనుమకొండ దాకా పోతే ఒక పెద్ద దుకాణంలో దొరికింది. శ్యాం సీసాను వెలుతురుకు పెట్టి చూశాడు, వెనక చీటీ చదివాడు, ఒకటి పక్కన పెట్టి ఇంకొకటి తీసుకున్నాడు. "గిది సరిపోతది," అన్నాడు. పచ్చి గడ్డి రంగు కొద్దిగా కలిసినట్టున్న నీళ్లు. ఇందుకోసమా ఇంత దూరం అనిపించింది.

అవ్వ మాట ప్రకారం దాన్ని దాచలేదు. నేను ఒళ్లో పెట్టుకుని బండి వెనక కూచున్నాను. దారిలో ఎన్నికల తనిఖీ. పోలీసాయన సీసా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"గిదేందమ్మా?"

"వైన్ సార్. వంటకు," అన్నాను.

"వంటకా?"

"రొయ్యల పాస్తకు సార్," అన్నాడు శ్యాం, బిల్లు చూపిస్తూ.

ఆయన బిల్లు చూశాడు, మమ్మల్ని చూశాడు. "ఎలక్షన్ల డబ్బలకు డబ్బలు పట్టుకున్న గని, గిసొంటి కేసు నాకు తగలలే. పోండ్రి," అని సీసా నా చేతికిచ్చాడు.

మా వెనకే ఆగిన ఆటోలో మా ఊరి వాళ్లున్నారు. వాళ్లలో ఎవరో ఫొటో తీశారు. నేను, నా ఒళ్లో సీసా, పక్కన పోలీసు. ఆ ఫొటో మా బండి కంటే ముందు ఊరు చేరింది.

మేం మా వాడకట్టు వీధిలోకి మళ్లేసరికి మా ఇంటి ముందర జనం. బిక్షపతి ఫోను పైకెత్తి పట్టుకుని అరుస్తున్నాడు. అతని పక్కన సుమలత, ఎప్పటిలాగే చేతులు జోడించుకుని.

"సూడుండ్రి! మందు బంద్ చేస్త అంటది. కొడుకు, బిడ్డ కలిసి ఇంటికి మందు మోస్కొస్తున్రు! ఇంటికి రాకముందే పోలీసోళ్లు పట్టుకున్రు! గీమెకా మీ ఓటు?"

సీసా ఎక్కడ పెట్టాలో తోచలేదు. అవ్వ ఇంట్లోంచి వచ్చింది, నా చేతిలోంచి సీసా తీసుకుంది, అరుగు మీద అందరికీ కనబడేలా నిలబెట్టింది.

"పట్టుకోలే, అడిగిన్రు. బిల్లు సూసి పంపిచ్చిన్రు. నా కొడుకు వంటోడు. రేపు వాని వంట తినేతందుకు సార్లు వస్తున్రు. వాళ్ల కోసం తెచ్చిండు. నేనే తెమ్మన్న. ఇంకేం కావాలె?"

"మందు మందే ఉప్పలమ్మక్క. వంటకైతే ఏంది, పంటకైతే ఏంది?"

"చర్చిల గూడ పోస్తరు కదా వీళ్లకు," అన్నాడు వెనక నుంచి ఒకడు, మేం చర్చికి పోయేవాళ్లమని. కొందరు నవ్వారు. అవ్వ అటు చూడను కూడా లేదు.

"బిక్షపతీ, ఒక్క సీస ఇంట్ల ఉంటెనే తప్పంటవా?"

"తప్పే! నూరుసార్లు తప్పే! మేమైతే ఊళ్లె ఒక్క సుక్క ఉండనియ్యం. మా ఆమె గెలిస్తే మొదటి రోజే మొత్తం బంద్!"

ఊపులో అనేశాడు. అనేశాక అతని చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

అవ్వ మెట్టు దిగి ఒక అడుగు ముందుకేసింది. "ఇన్నరా అందరు? దిలీప్ వాళ్లమ్మా, ఇన్నవా?"

"ఇన్న," అంది దిలీప్ తల్లి. ఆమె గోడకానుకుని నిలబడి ఉంది.

"ఆమె గెలిస్తే మొదటి రోజే బంద్. నేను గెలిస్తే మొదటి రోజే బంద్. ఇగ ఓటు ఎవలకేసినా నాకు పరేషాన్ లేదు. పోయి అన్నాలు తినుండ్రి," అంది అవ్వ.

జనం నవ్వుకుంటూ కదిలారు. బిక్షపతి ఏదో అనబోయాడు గానీ అప్పటికే వినేవాళ్లు లేరు. పోతూ పోతూ సుమలత వెనక్కి తిరిగి ఒకసారి అవ్వ వైపు చూసింది. ఆ చూపులో ఏముందో నాకు తెలియలేదు.

ఇంట్లోకి వచ్చాక అసలు కష్టం మొదలైంది. వాకిట్లో అంత ధైర్యంగా మాట్లాడిన అవ్వ, సీసాను నా చేతిలో పెట్టి గొంతు తగ్గించింది. "నీ పెట్టెల పెట్టి తాళమెయ్యి. రేపు వాళ్లచ్చే దాక తియ్యకు."

గుమ్మంలో బాపు నిలబడి ఉన్నాడు.

"తాళమెందుకు?" అన్నాడు.

అవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఉప్పలమ్మా, తాళమేసి దాపెడితే నా పానమంత గా పెట్టె దగ్గర్నే ఉంటది. ఫ్రిజ్‌ల పెట్టుండ్రి, పాలగిన్నె పక్కన. వాడు సల్లగ కావాల్నంటున్నడు కదా. నేను పొద్దటికెల్లి సాయంత్రం దాక ఫ్రిజ్ తెరుస్తనే ఉంట. సూసి సూసి నాకే ఇసుగస్తది."

శ్యాం తల దించుకున్నాడు. "బాపు, వద్దంటే జెప్పు. వాళ్లకు నిమ్మకాయ నీళ్లు పెడ్త. నౌకరి పోతే పోయింది."

"నౌకరి ఎందుకు పోవాలెర? పిచ్చోని లెక్క మాట్లాడకు. నువ్వు మంచిగ వండు," అన్నాడు బాపు. సీసా నా చేతిలోంచి తనే తీసుకుని, ఫ్రిజ్ తెరిచి, పాలగిన్నె పక్కన నిలబెట్టి, తలుపు వేశాడు. తర్వాత బర్రె దగ్గరికి పోయాడు.

మర్నాడు పొద్దున శ్యాం వంటకు దిగాడు. వాకిట్లో పందిరి కింద గ్యాసు పొయ్యి పెట్టుకున్నాడు. నేను వెల్లుల్లి ఒలిచాను. వాడు రొయ్యల వీపు చీల్చి నల్లటి నరం తీసి, తుడిచి ఆరబెట్టాడు. స్క్విడ్‌ను గాజుల్లాగా కోశాడు. సీసా మూత తిప్పి ఒక చెంచాలో నాలుగు చుక్కలు పోసి నా ముందు పెట్టాడు.

"రుచి సూడు అక్క. అర్థమైతది."

చర్చిలో ప్రభురాత్రి భోజన సంస్కారం రోజు ఇచ్చే తియ్యటి ద్రాక్షరసం తప్ప నాకు తెలిసింది లేదు. ఇది తియ్యగా లేదు. పచ్చి ద్రాక్ష కొరికినట్టు, నిమ్మతొక్క గిల్లి వాసన చూసినట్టు ఉంది. మింగాక నోరు కడిగినట్టయింది. అంతే, ఇంకేమీ మిగల్లేదు.

"గింతేనా?" అన్నాను.

"గింతే ఉండాలె. రొయ్యకు సొంత తీపి ఉంటది. బరువైన వైను పోస్తే గది కిందపడిపోతది. గిది రొయ్య మీద పెత్తనం చెయ్యదు. ఒక ముద్ద తిని ఒక గుక్క తాగితే, నోరు మళ్ల ఇంకో ముద్ద అడగాలె. గదే దీని పని."

చెబుతూనే వాడు రెండు బాణళ్లు పొయ్యి మీద పెట్టాడు. రెండింట్లోనూ నూనె, వెల్లుల్లి, ఎండు మిరపకాయ. రెండింట్లోనూ రొయ్యలు చుయ్యిమన్నాయి. ఒకదాంట్లో వైను పోశాడు. ఆవిరి గుప్పుమని లేచింది. రెండో దాంట్లో నిమ్మరసం పిండి, పాస్తా ఉడికిన నీళ్లు ఒక గరిటె పోశాడు.

"రెండోది ఎవలకు?"

"బాపుకు. వైను మరిగితే మత్తు చానమట్టుకు పోతది. మొత్తం పోదు. నేను అబద్ధం జెప్పను," అన్నాడు. ఫ్రిజ్‌లోంచి ఒక చెంబు తీసి చూపించాడు. పొద్దున్నే లేచి ఉసిరికాయలు దంచి, రసం తీసి, అల్లం, ఉప్పు, చిటికెడు చక్కెర వేసి, నీళ్లు కలిపి చల్లబెట్టాడట. "వైను ఏం జేస్తదో గిది గూడ గదే జేస్తది. నోరు కడుగుతది. బాపును పళ్లెం ముందట ఉత్త నీళ్లతోని కూసోబెట్టబుద్ధి కాలే."

యుగేందర్, గీత మధ్యాహ్నానికి వచ్చారు. ఆయన లావుగా, నవ్వుతూ, ఇల్లంతా తనదే అన్నట్టు కలుపుగోలుగా ఉన్నాడు. ఆమె తక్కువ మాట్లాడి ఎక్కువ చూసింది. మా ఇంట్లో ఉన్నవి చాయ్ గ్లాసులే. శ్యాం వాటినే తళతళా తుడిచి, వైను సగానికి పోసి పెట్టాడు. బాపును కూడా పక్కన కూచోమన్నారు. బాపు కొత్త చొక్కా వేసుకుని కూచున్నాడు. ప్రహరీ అవతల నలుగురైదుగురు నిలబడి చూస్తూనే ఉన్నారు. అవ్వ గేటు మూయనివ్వలేదు.

గీత మేడం మొదటి ముద్ద తిని, ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుంది. మళ్లీ ఒక ముద్ద తింది. ఏమీ అనలేదు గానీ చెయ్యి ఆగలేదు. యుగేందర్ మాత్రం ప్రతి ముద్దకూ "అబ్బ, ఏం జేసినవయ్యా," అంటున్నాడు. ఆ సంబరంలోనే సీసా అందుకుని, ఖాళీగా ఉన్న గ్లాసులో నిండుగా పోసి బాపు ముందు పెట్టాడు.

"పెద్దాయనా, మీ కొడుకు గింత మంచిగ వండిండు. జర మీరు గూడ తీస్కోండి. గింత తేలిక దాన్ని మందనరు."

ఆయనకు తెలియదు. ఆయన తప్పేమీ లేదు. శ్యాం గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అవ్వ గుమ్మంలో ఉంది. గోడ అవతలి వాళ్లు మునివేళ్ల మీద లేచి చూశారు. గ్లాసు బయట చిన్న చిన్న నీటి బొట్లు పట్టాయి.

బాపు ఆ గ్లాసు వైపు కాసేపు చూశాడు. తర్వాత దాన్ని జాగ్రత్తగా, తొణక్కుండా ఎత్తి, యుగేందర్ పళ్లెం పక్కన పెట్టాడు.

"నాకు గది తేలిక గాదు సార్. మీరు తాగుండ్రి. నాకు నా కొడుకు వేరే పోసిండు," అన్నాడు. ఉసిరి గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగి, పాస్తాను వేళ్లతో చుట్టి నోట్లో పెట్టుకున్నాడు. "రొయ్య మంచిగ ఉడికింది ర," అన్నాడు శ్యాంతో.

అవ్వ లోపలికి పోయింది. బాపు 'మానుకుంటనే ఉన్న' అన్నప్పుడల్లా పోయినట్టే పోయిందనుకున్నాను. కానీ చేతిలో పళ్లెంతో తిరిగొచ్చింది. ముందు మగవాళ్లు, వచ్చినవాళ్లు తిన్నాకే తినే మనిషి, బాపు పక్కన పీట వేసుకుని కూచుని, బాపు గిన్నెలోంచే తన పళ్లెంలోకి వడ్డించుకుంది. ఒక ముద్ద తింది.

"సేమియా గాదు," అంది. "ఏదో గని, మంచిగనే ఉన్నది."

గీత మేడం బాపు గ్లాసు వైపు చూపించి, "గదేంది శ్యాం? నాకు గూడ జర పొయ్యి," అంది. తాగి, రొయ్య తిని, మళ్లీ తాగింది. "తాగేటోళ్లకు వైను, తాగనోళ్లకు గిది. రెండు పెడుదాం. తాగనోళ్లకు ఎప్పుడు నీళ్ల సీస మొహాన పడేస్తం మేము," అని, చెయ్యి కడుక్కుంటూ, "సంక్రాంతి ఎల్లినంక వచ్చి చేరు," అంది, ఏదో మామూలు మాట చెప్పినట్టు.

వాళ్లు బయలుదేరేటప్పుడు సీసాలో ఇంకా కొంచెం మిగిలింది. బాపే దాని మూత బిగించి, తీసుకుపోయి వాళ్ల కారులో పెట్టి వచ్చాడు. అవ్వ కళ్లు ఆయన వెంట పోలేదు. గిన్నెలు తీస్తూ నాతో రేపటి ప్రచారం సంగతి మాట్లాడుతూనే ఉంది. ఆ ఇంట్లో నేను పుట్టి పెరిగాను, సీసా పట్టుకున్న బాపును కాపలా కాయకుండా అవ్వ అలా వీపు తిప్పి ఉండడం అదే మొదటిసారి చూశాను.

ఎలక్షన్లో అవ్వ ఓడిపోయింది. పెద్ద తేడా కాదు, చేతి వేళ్లకు సరిపోయేన్ని ఓట్లు. చివరి రెండు రోజులు బిక్షపతి ఇంటింటికీ ఏం పంచాడో ఊరందరికీ తెలుసు. లెక్కింపు అయ్యాక డప్పులతో ఊరేగింపు మా ఇంటి ముందు నుంచే పోయింది. దిలీప్ తల్లి మా అరుగు మీద కూచుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. అవ్వ మాత్రం అన్నం తిని, "ఓటేసినోళ్లు సగం ఊరు. సగం ఊరంటే తక్కువనా?" అని పడుకుంది.

ప్రమాణం చేసే రోజు పొద్దున అవ్వ తలకు నూనె రాసుకుని, చర్చికి కట్టుకునే చీర కట్టుకుంది. "పదండ్రి," అంది. దిలీప్ తల్లి, నేను, వాడకట్టులో ఆడవాళ్లు చాలామంది వెంట నడిచాం. మధ్యలో ఇంకా కొందరు కలిశారు. సుమలతకు ఓటేసిన వాళ్లు కూడా వచ్చారు. నేరుగా బిక్షపతి ఇంటికి పోయాం. అవ్వ చేతిలో బంతిపూల దండ.

బిక్షపతి తెల్ల చొక్కా వేసుకుని వాకిట్లోనే ఉన్నాడు. మమ్మల్ని చూసి నవ్వాడు. "ఏందక్కా, దండ మీరే తెచ్చిన్రా?"

"నీకు గాదు. సర్పంచమ్మకు. పిలువు."

"నాకియ్యి, నేనిస్త."

"ఆమె మెడల ఏస్త. మొదటి రోజు బంద్ అన్నవు కదా. గది గూడ సూసి పోదామని వచ్చినం."

"అక్కా, ఎలక్షన్ల మాటలు ఎలక్షన్లనే పోతయి. నువ్వు పెద్దమనిషివి, నీకు తెల్వదా? జర పనుంది, ఆఫీసుకు పోవాలె మేము—"

"నువ్వెందుకు ఆఫీసుకు?"

ఆ గొంతు అవ్వది కాదు. సన్నగా, కొంచెం బొంగురుగా ఉంది. సుమలత గుమ్మంలో నిలబడి ఉంది. మొగుడి వైపు కాదు, మా అందరి వైపు చూస్తోంది.

"లోపటికి పో," అన్నాడు బిక్షపతి.

"పోను. సర్పంచిని నేను." ఆమె చెప్పులేసుకుని మెట్లు దిగింది. "నా తమ్ముడు గూడ గా కొట్లనే తాగి పాడైండు. నా మొగడు అమ్ముతుంటె నా తమ్ముడు తాగిండు. నేను ఎవలకు జెప్పాలె? నువ్వు అరుగు మీద సీస పెట్టి మాట్లాడిన రోజు, పెద్దమ్మా, నేను నీకే ఓటేస్తననుకున్న. వేసిన గూడ."

ఆమె బిక్షపతి పక్క నుంచే బయటికి నడిచింది. అవ్వ దండ ఆమె మెడలో వేసింది. ఆ దండతోనే సుమలత బస్టాపు దాకా నడిచింది. కొట్టు లోపలున్న పనివాణ్ని బయటికి రమ్మంది. వెనక గది తలుపు తనే వేసింది, ముందర రేకు షట్టరు తనే కిందికి లాగింది. తుప్పుపట్టి ఉంది, సగంలో ఆగింది. దిలీప్ తల్లి ముందుకొచ్చి ఇంకో పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి కిందికి దించారు.

తాళం వేశాక సుమలత తాళంచెవిని అవ్వ చేతిలో పెట్టబోయింది.

అవ్వ తీసుకోలేదు. "నీ దగ్గర్నే ఉంచుకో బిడ్డా. మళ్ల తెరువుమని ఎవలొచ్చినా, నీ దగ్గరికే వచ్చి అడగాలె."

సుమలత తాళంచెవిని కొంగున ముడివేసుకుని, ముడి మళ్లీ ఒకసారి బిగించి, పంచాయతీ ఆఫీసు వైపు నడిచింది. ఆమె వెనక మేమంతా నడిచాం. అవ్వ కూడా వెనకే నడిచింది.